పెదనందిపాడు: ఒక మెట్ట గ్రామపు భౌగోళిక స్వరూపం, చరిత్ర, వ్యవసాయ పరిణామం

ఒక గ్రామానికి సాంకేతిక సిఫారసు చేసే ముందు ఆ గ్రామపు నేలను, నీటిని, రైతు అనుభవాన్ని కలిపి అధ్యయనం చేయడం విస్తరణ శాస్త్రంలో తొలి మెట్టు. గుంటూరు జిల్లాలోని పెదనందిపాడు ఇందుకు చక్కని ఉదాహరణ.

భౌగోళిక స్వరూపం

ఈ గ్రామం గుంటూరుకు దక్షిణంగా, పర్చూరు వెళ్లే దారిలో ఉన్నది. దీనికి తూర్పున కృష్ణా డెల్టా కాలువల ఆయకట్టు, పడమర నాగార్జునసాగర్ కుడి కాలువ ఆయకట్టు ఉన్నవి. నడుమనున్న ఈ మెట్ట ప్రాంతానికి ప్రధాన ఆధారం వర్షమే. గుంటూరు ఛానల్‌ను పర్చూరు వరకు పొడిగించాలన్న కోరిక చాలా కాలంగా ఉన్నది.

ఇక్కడి లోతైన నల్లరేగడి నేలలు తేమను ఎక్కువకాలం పట్టి ఉంచుతాయి. అందువల్లనే వర్షాధారంగా పత్తి, శనగ పండించడం సాధ్యమవుతున్నది. అయితే ఇవే నేలలు వేసవిలో నెర్రెలు విచ్చుతాయి. భారీ వర్షం కురిస్తే నీరు త్వరగా ఇంకదు. అక్టోబరు, నవంబరు నెలల తుపానులకు నల్లమడ వాగు పొంగినప్పుడు, పత్తి తీత దశలో ఉన్న చేలు ముంపునకు గురవుతాయి. నీటి కొరత, నీటి ముంపు రెండూ ఒకే నేలలో, ఒకే సంవత్సరంలో ఎదురుకావచ్చును.

చారిత్రక నేపథ్యం

రైత్వారీ విధానంలో పంట ఎట్లున్నా మెట్ట భూమికి శిస్తును నగదుగా చెల్లించవలసి ఉండేది. సహాయ నిరాకరణోద్యమ కాలంలో, 1921-22లో, నాటి బాపట్ల తాలూకాలోని పెదనందిపాడు ఫిర్కా రైతులు పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో శిస్తు చెల్లించ నిరాకరించారు. గ్రామాధికారులు పలువురు తమ ఉద్యోగాలకు రాజీనామా చేశారు. 1922 ఫిబ్రవరిలో ఉద్యమం విరమించబడినది. ఈ పల్లెల సంఘటిత శక్తికి ఆ ఘట్టం నిదర్శనం.

పంటల పరిణామం

1970 దశకం నుండి గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగళ్లలో పత్తి విస్తీర్ణం బాగా పెరిగినది. ఎం.సి.యు.-5 వంటి పొడుగు పింజ రకాలు ఆదాయంతో పాటు పెట్టుబడిని కూడ పెంచినవి. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులను విచక్షణారహితంగా పిచికారీ చేయుటచే మిత్ర పురుగులు నశించి, 1980 దశకం మధ్యలో తెల్లదోమ విజృంభించినది. అటుపై శనగపచ్చ పురుగు మందులకు లొంగలేదు. 1987-88లో ఈ రెండు జిల్లాలలో పత్తి రైతుల ఆత్మహత్యలు దేశం దృష్టికి వచ్చినవి. కౌలు, పురుగుమందుల అరువు, వడ్డీ భారం కలిసి చిన్న రైతులను కుంగదీసినవి. తరువాత లాం పరిశోధనా స్థానం తెల్లదోమను తట్టుకొనే ఎల్.కె. 861 (కాంచన) రకాన్ని అందించినది.

విస్తరణ కార్యకర్తలకు పాఠాలు

శిస్తు నాడైనా, అరువు నాడైనా రైతు చెల్లింపు స్థిరం, పంట మాత్రం అస్థిరం. కనుక సిఫారసులో దిగుబడితో పాటు నష్టభయాన్ని కూడ లెక్కించాలి.

1. మురుగు నీరు పోయే మార్గాన్ని విత్తుటకు ముందే పరిశీలించాలి.
2. పురుగు ఆర్థిక నష్టపరిమితిని చేరిన తరువాతనే మందు సూచించాలి. ఒకే వర్గపు మందును పదే పదే వాడనీయరాదు.
3. పత్తి, మిర్చిలకే పరిమితం కాక శనగ, మినుము వంటి పప్పు పంటలతో మార్పిడి చేయించాలి.
4. కౌలు రైతులను గుర్తించి, సలహా ముందుగా వారికి చేరేటట్లు చూడాలి.

శిస్తు నిరాకరణకు ఒక్కటైన పల్లెలు సస్యరక్షణకు కూడ ఒక్కటి కాగలవు. పొరుగు చేనిని విడిచి ఒక్క చేనిలోనే తెల్లదోమను అదుపు చేయుట సాధ్యం కాదు గనుక, సామూహిక కార్యాచరణయే ఇక్కడి విస్తరణ కృషికి పునాది కావలెను.