నొప్పికి అడ్డుకట్ట

పాఠ్యభాగ ఉద్దేశం: దీర్ఘకాలిక నొప్పి స్వభావాన్ని, నాడీ నిరోధ సూదిమందు పనిచేసే తీరును, దాని పరిమితులను కృష్ణా డెల్టా శ్రమజీవుల నేపథ్యంలో తెలియజేయడం.

కృష్ణానదిపై విజయవాడ వద్ద 1855లో ఆనకట్ట నిర్మాణం పూర్తయిన తరువాత నదికి రెండువైపులా ఉన్న భూములు మాగాణులుగా మారాయి. 1957లో పాత ఆనకట్టకు బదులుగా ప్రకాశం బ్యారేజీ వాడుకలోకి వచ్చింది. డెల్టా సస్యసంపదను కొనియాడేవారు దాని వెనుక వంగిన నడుములను తరచుగా విస్మరిస్తారు. సార్వా నాట్ల కాలంలో స్త్రీలు బురదలో గంటల తరబడి వంగి నాట్లు వేస్తారు. పంట చేతికి వచ్చాక హమాలీలు ధాన్యం బస్తాలను మోస్తారు. విజయవాడ ఆటోనగర్‌లో కార్మికులు లారీల కింద దూరి మరమ్మతులు చేస్తారు. నడుము నొప్పి, మెడ నొప్పి, మోకాళ్ల నొప్పి వీరికి చిరపరిచితాలు. రెక్కాడితే గాని డొక్కాడని కుటుంబంలో నొప్పి శరీరంతో ఆగదు. అది కూలిని, పిల్లల చదువును, ఇంటి ప్రశాంతతను కూడా తాకుతుంది.

ముల్లు గుచ్చుకున్నప్పుడు కాలు వెనక్కు తీసుకొమ్మని హెచ్చరించేది నొప్పే. గాయం మానిన తరువాత ఆ హెచ్చరిక ఆగిపోవాలి. మూడు నెలలు దాటినా కొనసాగే, లేదా మళ్లీ మళ్లీ వచ్చే నొప్పిని వైద్యులు దీర్ఘకాలిక నొప్పి అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన వ్యాధుల అంతర్జాతీయ వర్గీకరణ పదకొండవ కూర్పు 2022 జనవరిలో అమలులోకి వచ్చింది. అందులో ఈ నొప్పికి ప్రత్యేక స్థానం లభించింది. ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదన్న కారణంతో రోగి చెప్పే బాధను కల్పితమని తోసిపుచ్చడం శాస్త్రసమ్మతం కాదు.

శరీరంలో ఎక్కడ దెబ్బ తగిలినా ఆ సమాచారం జ్ఞాననాడుల ద్వారా వెన్నుపాముకు, అక్కడి నుండి మెదడుకు చేరుతుంది. వెన్నుపాములో ఈ సంకేతాలను హెచ్చించే, తగ్గించే ద్వారం వంటి ఏర్పాటు ఉన్నదని 1965లో రోనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. దెబ్బ తగిలిన చోట తల్లి నిమిరితే బిడ్డకు ఉపశమనం కలగడాన్ని ఈ సిద్ధాంతం వివరిస్తుంది. స్పర్శ సంకేతాలు నొప్పి సంకేతాలను కొంతవరకు అడ్డుకుంటాయి. సంకేతాన్ని వెన్నుపాముకు చేరకముందే నాడిలో నిలిపివేయడం నాడీ నిరోధం. తూము మూస్తే ఆ బోదె కింది చేలకు మాత్రమే నీరు ఆగినట్లు, ఒక నాడిని నిరోధిస్తే అది వ్యాపించిన భాగానికే నొప్పి తగ్గుతుంది.

హైదరాబాదులో 1888, 1889 సంవత్సరాలలో పనిచేసిన క్లోరోఫారం కమిషన్లు రోగిని స్పృహ తప్పించే మందు భద్రతను పరిశీలించాయి. నాడీ నిరోధంలో స్పృహ తప్పించవలసిన పని లేదు. 1884లో కార్ల్ కోలర్ కొకైన్ చుక్కలతో కంటికి స్పర్శ లేకుండా చేయవచ్చునని నిరూపించాడు. ఆ వెంటనే న్యూయార్కులో విలియం హాల్‌స్టెడ్ ఆ మందును నాడుల వద్ద ఎక్కించి చూశాడు. తనపైనే ప్రయోగాలు చేసుకొని చివరకు ఆ మందుకు బానిసయ్యాడు. 1943లో స్వీడన్‌లో నిల్స్ లాఫ్‌గ్రెన్ లిగ్నోకైన్‌ను తయారుచేయడంతో, వ్యసనానికి దారితీయని మేలైన మందు ఒకటి లభించింది.

నేడు వైద్యుడు అల్ట్రాసౌండ్ లేదా ఎక్స్‌రే తెరపై చూస్తూ సన్నని సూదిని నాడి సమీపానికి చేరుస్తాడు. మత్తుమందు నాడి పొరలోని సోడియం మార్గాలను తాత్కాలికంగా మూసివేస్తుంది. కొన్ని గంటలకు దాని ప్రభావం తొలగిపోతుంది. వాపు ఉన్నచోట స్టెరాయిడ్ మందు కలిపితే ఉపశమనం కొన్ని వారాలు నిలవవచ్చు. ఈ సూది రోగనిర్ధారణకు కూడా ఉపకరిస్తుంది. వెన్నుపూసల కీళ్లకు చెందిన నాడిని నిరోధించగానే నడుము నొప్పి తగ్గితే మూలం అక్కడే ఉన్నదని భావించవచ్చు. అప్పుడు రేడియో తరంగాల వేడితో ఆ నాడిని నిర్వీర్యం చేస్తే కొన్ని నెలలపాటు ఉపశమనం ఉంటుంది. నాడి తిరిగి పెరిగితే నొప్పి మళ్లీ రావచ్చు. క్లోమ క్యాన్సర్ రోగుల తీవ్రమైన కడుపు నొప్పిని తగ్గించడానికి కూడా నాడీ నిరోధాన్ని ఉపయోగిస్తారు.

అయితే సూదిమందు బస్తా బరువును తగ్గించదు, అరిగిన కీలును తిరిగి నిర్మించదు. అది ఇచ్చేది వ్యవధి. నొప్పి భయంతో కదలిక మానుకున్న శరీరంలో కండరాలు బలహీనపడతాయి. బలహీనత నొప్పిని మరింత పెంచుతుంది. ఉపశమనం లభించిన రోజులలో వ్యాయామం ప్రారంభించి, పనిచేసే భంగిమను సరిదిద్దుకున్నవారికే ఈ చికిత్స ఫలితం నిలుస్తుంది. సూది వేయించుకున్న మరునాడే పాత బరువును తలకెత్తుకొంటే ఆ వ్యవధి వృథా అవుతుంది.

వైద్యుని సలహా లేకుండా మందుల దుకాణంలో నొప్పి మాత్రలు కొని ఏళ్ల తరబడి మింగితే జీర్ణాశయంలో పుండ్లు పడవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. శిక్షణ లేనివారు వేసే సూది ఇంకా ప్రమాదకరం. చీము పట్టడం, రక్తస్రావం, నాడికి గాయం, మందు రక్తంలో కలిసి విషమించడం వంటి ముప్పులు అరుదైనా ఉన్నాయి. మధుమేహ రోగులకు స్టెరాయిడ్ వలన రక్తంలో చక్కెర పెరుగుతుంది. రక్తాన్ని పలుచబరిచే మందులు వాడేవారు ఆ సంగతి ముందే చెప్పాలి. నడుము నొప్పితోపాటు కాళ్లు పట్టు తప్పినా, మూత్రం బిగిసినా ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్లాలి.

నొప్పిని మౌనంగా భరించడం శ్రమజీవి ధర్మం అనుకోవడం తగదు. ఒక్క సూదితో సర్వం నయమవుతుందని నమ్మడమూ తగదు. రోగి మాటను విశ్వసించే వైద్యుడు, వైద్యుని సూచనను పాటించే రోగి, కోలుకొనేందుకు తేలికపాటి పని కల్పించే యజమాని కలిసినప్పుడే నొప్పికి నిజమైన అడ్డుకట్ట పడుతుంది.

అర్థాలు
మాగాణి = నీటి వసతితో వరి పండే భూమి
సార్వా = వానకాలపు వరి పంట
బోదె = చేలకు నీరందించే చిన్న కాలువ
క్లోమం = జీర్ణరసాలను, ఇన్సులిన్‌ను స్రవించే గ్రంథి

ప్రశ్నలు
1. దీర్ఘకాలిక నొప్పి హెచ్చరికగా వచ్చే నొప్పికంటే ఏ విధంగా భిన్నమైనది?
2. నాడీ నిరోధాన్ని పాఠంలో దేనితో పోల్చారు? ఆ పోలికను వివరించండి.
3. 'అది ఇచ్చేది వ్యవధి' అనే వాక్యాన్ని సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.
4. మీ ప్రాంతంలో శరీరశ్రమ చేసేవారి నొప్పులను తగ్గించడానికి పని పద్ధతులలో ఎట్టి మార్పులు అవసరమో వ్యాసం రాయండి.