వస్తువు పాతిక రెట్లు, కాలం అయిదు రెట్లు

కంప్యూటర్ బొమ్మలు రాకముందు టెలివిజన్ వాళ్ళు అంతరిక్ష నౌకల్ని, మంటల్లో చిక్కుకున్న విమానాల్ని, కూలిపోయే వంతెనల్ని ఎలా చూపించేవారు? "చిన్న నమూనాలు చేసి ఫిలిం తీసేవారు" అని ఎవరైనా చెప్తారు. నిజమే. కాని అది "వరి ఎలా పండుతుంది?" అని అడిగితే "విత్తనం వేస్తే పండుతుంది" అన్నట్టు ఉంటుంది. నమూనా చెయ్యడం చెయ్యి తిరిగిన వడ్రంగికి పెద్ద పనేం కాదు. ఆ నమూనా తెరమీద టన్నుల బరువున్న యంత్రంలా కనబడటమే కష్టం. రంపంతో, రంగుతో మాత్రమే అయ్యే పని కాదది. దానికి ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరంలో మనందరం బట్టీపట్టి, పరీక్ష రాసిన మర్నాడే మరిచిపోయిన ఒక సూత్రం కావాలి. ఆ సూత్రం సంగతే ఈ వ్యాసం.

ఉదాహరణకు ‘థండర్‌బర్డ్స్’ అనే బ్రిటిష్ సీరియల్ తీసుకుందాం. జెర్రీ ఆండర్సన్, సిల్వియా ఆండర్సన్ దంపతులు తీశారు. 1965, 1966 సంవత్సరాల్లో 32 భాగాలు ప్రసారమయ్యాయి. మనుషులంతా తీగలతో ఆడించే బొమ్మలు. ఒక తండ్రి, అయిదుగురు కొడుకులు, అయిదు అద్భుత యంత్రాలు; లోకంలో ఎక్కడ ఆపద వచ్చినా వెళ్ళి కాపాడటం వీళ్ళ పని. లండనుకు దగ్గర్లోని స్లౌ అనే ఊళ్ళో, ఫ్యాక్టరీల మధ్య ఉన్న స్టూడియోలో తీశారు. నమూనాల పనంతా డెరెక్ మెడింగ్స్ (1931–1995) అనే ఆయనది.

హాస్టల్లో దీన్ని చూస్తుంటే నా రూమ్మేటు నవ్వాడు. "ఒరేయ్, తీగలు కనపడుతున్నాయి చూడరా! ఇదంతా మోసం, పిల్లలాట" అన్నాడు. తీగలు కొన్నిచోట్ల కనబడే మాట వాస్తవమే. కాని అందులో ఏదైనా కట్టడం కూలే దృశ్యం వచ్చినప్పుడు మాత్రం వాడి నవ్వు ఆగింది. ముద్దలు ముద్దలుగా, నింపాదిగా, బరువుగా కూలుతుంది. అది చూస్తే బొమ్మ అని తెలిసినా గుండె జల్లుమంటుంది. ఎందుకు?

పైనుంచి వదిలిన వస్తువు పడిన దూరం = సగం × గురుత్వ త్వరణం × కాలం వర్గం. అంటే పడటానికి పట్టే కాలం ఎత్తు వర్గమూలాన్ని బట్టి మారుతుంది. 40 మీటర్ల కట్టడం పైనుంచి ఒక రాయి ఊడిపడిందనుకోండి. గురుత్వ త్వరణం 9.8 వేసి లెక్క కడితే నేల చేరడానికి సుమారు 2.86 సెకన్లు. అదే కట్టడాన్ని పాతికో వంతుకు తగ్గించి 1.6 మీటర్ల నమూనా చేశాం. దాని పైనుంచి గులకరాయి పడితే 0.57 సెకను. కన్ను మూసి తెరిచేలోగా అయిపోతుందన్నమాట. నమూనాను మనం పాతిక రెట్లు తగ్గించాం గాని భూమి ఆకర్షణను తగ్గించలేదు కదా! అది అందరినీ ఒకేలా లాగుతుంది. అందుకే చిన్నవన్నీ చటుక్కున పడతాయి, టకటక ఎగురుతాయి. తెరమీద ఆ తొందర చూడగానే "ఇది బొమ్మ" అని మన మెదడు కనిపెట్టేస్తుంది. పుట్టిన దగ్గర్నుంచి రోజూ వస్తువులు పడటం చూస్తున్న మెదడు అది. సూత్రం రాకపోయినా లెక్క వచ్చు దానికి.

పై రెండు కాలాలను భాగించి చూడండి. సరిగ్గా 5. అంటే 25 వర్గమూలం. నమూనా జరిపే పనిని అయిదు రెట్లు నెమ్మదిగా చూపిస్తే చాలు, కన్నుకు 40 మీటర్ల కట్టడమే కూలినట్టుంటుంది. సినిమా కెమెరా మామూలుగా సెకనుకు 24 బొమ్మలు తీస్తుంది. దాన్ని 120 బొమ్మల వేగంతో తిప్పి, మామూలు వేగంతో ప్రదర్శిస్తే అయిదు రెట్లు సాగుతుంది. మెడింగ్స్ బృందం పేలుళ్ళకూ, కూలే దృశ్యాలకూ దాదాపు ఇంత వేగంతోనే కెమెరా తిప్పేది. వస్తువును ఎన్ని రెట్లు తగ్గిస్తే కాలాన్ని ఆ సంఖ్య వర్గమూలం రెట్లు సాగదీయాలి. మొత్తం విద్య ఇదే.

ఇది సినిమావాళ్ళు కనిపెట్టింది కాదు. విలియం ఫ్రూడ్ (1810–1879) అనే ఇంగ్లీషు ఇంజనీరు 1870 దశకంలో టార్కీ అనే ఊళ్ళో పొడవాటి నీళ్ళ తొట్టె కట్టించి, చిన్న ఓడల నమూనాలను అందులో లాగించి, పెద్ద ఓడకు ఎంత నిరోధం వస్తుందో లెక్కకట్టాడు. నమూనాను ఏ వేగంతో లాగితే పెద్ద ఓడ లేపే అలల్లాంటి అలలే లేస్తాయో చెప్పిన నియమంలో ఉన్నది కూడా ఈ వర్గమూలమే. మన దేశంలో పూణే దగ్గర ఖడక్‌వాస్లాలో ఉన్న, 1916లో మొదలైన కేంద్ర జల, విద్యుత్ పరిశోధనా సంస్థలో ఆనకట్టల నమూనాలు కట్టి, వాటిమీంచి నీళ్ళు వదిలి చూస్తారు. వరదొస్తే పొర్లుకట్టు మీంచి నీరు ఎంత వేగంగా దూకుతుంది, కింద నేలను ఎంత కోస్తుంది అన్నది పాతికో వంతు, యాభయ్యో వంతు నమూనా మీద చూసి, ఇదే వర్గమూలం లెక్కతో అసలు ఆనకట్టకు అన్వయిస్తారు. కాలవ నీళ్ళ మీద బతికే కుటుంబం నుంచి వచ్చినవాణ్ణి. ఆ నమూనాలు అబద్ధం చెప్తే ఏమౌతుందో ఊహించగలను. కాబట్టి మా రూమ్మేటు "మోసం" అన్నమాట నేను ఒప్పుకోను. నమూనా మోసమైతే ‘మాయాబజార్’ (1957)లో మార్కస్ బార్ట్లీ చూపించిన ద్వారకా మోసమే, పొర్లుకట్టు లెక్కా మోసమే!

సరే, సూత్రం దొరికింది కదా అని పని తీరిపోదు. కెమెరా అయిదు రెట్లు వేగంగా తిరిగితే ఒక్కో బొమ్మ మీద వెలుగు పడే కాలం అయిదో వంతు అవుతుంది. కాబట్టి అయిదు రెట్ల వెలుగు కావాలి. దానికితోడు నమూనా చిన్నది, కెమెరా దగ్గర పెట్టాలి. దగ్గరి వస్తువు స్పష్టంగా ఉంటే దాని వెనకది మసకబారుతుంది. నిజంగా మైలు దూరంలో ఉన్న కొండ, దాని ముందున్న చెట్టు రెండూ ఒకేలా స్పష్టంగా కనబడాలి కదా. ఆ మసక పోవాలంటే కటకంలోని రంధ్రాన్ని బాగా చిన్నది చెయ్యాలి. రంధ్రం సంఖ్యను 4 నుంచి 16కు మారిస్తే వెలుగు 16 రెట్లు తగ్గుతుంది. 16ను 5తో గుణించండి: 80 రెట్ల వెలుగు! ఆ దీపాల వేడిలో పనివాళ్ళు ఎలా నిలబడేవారో, ప్లాస్టిక్ ఎలా మెత్తబడకుండా ఉండేదో దేవుడికే తెలియాలి.

ఇక కదలిక. తీగకు కట్టిన విమానాన్ని స్టూడియో ఈ మూల నుంచి ఆ మూలకు లాగితే ఊగుతుంది. పైగా నాలుగడుగుల్లో స్టూడియో గోడ వచ్చేస్తుంది. మెడింగ్స్ విమానాన్ని ఉన్నచోటే వేలాడదీసి, వెనకాల ఆకాశం బొమ్మ వేసిన గుడ్డను రోలర్ల మీద తిప్పాడు. లారీలకూ అంతే: లారీ ఒకేచోట ఉంటుంది, దాని కింద రోడ్డు పట్టా తిరుగుతుంది. రైసుమిల్లులో బెల్టు చూశాం కదా, అలాంటిదే. దగ్గరి పట్టా వేగంగా, దూరపుది నెమ్మదిగా తిరిగితే రైలు కిటికీలోంచి చూసినట్టుంటుంది. సాపేక్ష వేగం పాఠానికి ఇంతకంటే మంచి ఉదాహరణ మన పాఠ్యపుస్తకంలో లేదు.

నాకు అన్నిటికంటే నచ్చింది మురికి. అవును, మురికే. కొత్త ట్రాక్టరు షోరూములో ఉన్నప్పుడు బొమ్మలాగే ఉంటుంది. ఒక దమ్ము సీజను అయ్యాక చూడండి: మడ్‌గార్డు మీద ఎండిన బురద, పొగగొట్టం చుట్టూ మసి, డీజిల్ పోసేచోట జిడ్డు చార. అప్పుడది యంత్రం. మెడింగ్స్ మనుషులు మెరిసే నమూనాలకు మసి పూసి, చారలు దిద్ది, రేకుల అతుకుల్లాగా గీతలు గీసి వాడుక రూపం తెచ్చారు. దుకాణంలో అమ్మే ప్లాస్టిక్ బొమ్మల విడిభాగాలు తెచ్చి గోడల నిండా అతికించేవారు. కళ్ళకు పట్టుకోవడానికి చిన్న వివరాలు ఎన్ని ఉంటే వస్తువు అంత పెద్దదనిపిస్తుంది. ధూళి కూడా ఊరికే మట్టి జల్లితే రాదు. ఇసుక రేణువు పాతిక రెట్లయితే గులకరాయి. అందుకని ఇలాంటి పనుల్లో ముల్తానీ మట్టి వంటి మెత్తటి పొడి వాడతారు. మన అమ్మలు మొహానికి రాసుకునే అదే మట్టి!

ఇంత చేసినా లొంగనిది ఒకటుంది: నీరు. తలతన్యత వల్ల నీటిబొట్టుకు దాని పరిమాణం దానికుంటుంది. నమూనా తగ్గిందని అది తగ్గదు. 5 మిల్లీమీటర్ల బొట్టు పాతిక రెట్లయితే 12 సెంటీమీటర్లు దాటుతుంది. సముద్రంలో ఓడ పక్కన కొబ్బరికాయలంత నీటిబొట్లు ఎగిరితే ఎవరు నమ్ముతారు? కెమెరాను ఎంత వేగంగా తిప్పినా కాలం సాగుతుంది గాని బొట్టు చిన్నదవదు. ఖడక్‌వాస్లా వంటి చోట్ల నమూనాలను వీలైనంత పెద్దవిగా కట్టడానికి ఒక కారణం ఇదే. టెలివిజన్ వాళ్ళ దగ్గర అంత చోటూ లేదు, డబ్బూ లేదు.

ఇక్కడే ఆండర్సన్ బృందం తెలివి చూడాలి. ‘థండర్‌బర్డ్స్’కు ముందు 1964లో మొదలైన ‘స్టింగ్‌రే’ సీరియల్ కథంతా సముద్రం అడుగున. జలాంతర్గామి నమూనాను నీళ్ళలో ముంచలేదు. కెమెరాకూ నమూనాకూ మధ్య సన్నటి గాజు తొట్టె పెట్టి, అందులో నీళ్ళు పోసి, చిన్న చేపల్ని వదిలారు. వెనక జలాంతర్గామి పొడినేల మీద తీగలకు వేలాడుతూ ఉంటుంది. చూసేవాడికి చేపలు, నీటి కదలిక ముందు కనబడతాయి గనక అంతా నీళ్ళలోనే ఉందనిపిస్తుంది. నీటిని లొంగదీయలేమని తెలిసి, నీటిని పక్కకు తప్పించారన్నమాట. నా దృష్టిలో అన్ని సీరియళ్ళలోనూ ఇంత చవకైన, ఇంత గొప్ప ఉపాయం ఇంకోటి లేదు.

జపానులో వేరే దారి. 1954లో ‘గాడ్జిల్లా’ సినిమాకు మాయాదృశ్యాలు తీసిన ఎయిజి త్సుబురాయా (1901–1970) టెలివిజన్‌కు 1966లో ‘అల్ట్రామాన్’ తెచ్చాడు. 39 భాగాలు. అల్ట్రామాన్ ఎత్తు 40 మీటర్లు. నిజానికి రబ్బరు తొడుగులో ఉన్న మామూలు మనిషి. చుట్టూ అతని మోకాలిదాకా వచ్చే నగరం. మన లెక్క ప్రకారం ఇక్కడ నిష్పత్తి 22 చిల్లర, కాలం 4.7 రెట్లు సాగాలి. ఇళ్ళు కూలడం వరకు బాగానే ఉంటుంది. కాని అంత నెమ్మదిగా చూపించే పోరాటం తెరమీద ఈడ్చినట్టు కాకుండా ఉండాలంటే లోపలున్న నటుడు దాదాపు అయిదు రెట్ల చురుగ్గా కొట్టుకోవాలి. రబ్బరు తొడుగులో ఉక్కిరిబిక్కిరయ్యే మనిషికి అది సాధ్యమా? అందుకని ఎక్కడో ఒకచోట రాజీపడక తప్పదు. చూస్తుంటే ఇళ్ళకు బరువుంటుంది, వాటిమీద పడే రాక్షసుడికి కొంచెం తక్కువుంటుంది. ఈరోజుల్లో కంప్యూటర్ మీద తయారుచేసే మహాకాయ మరమనుషులు పిచ్చుకల్లా గెంతడం చూస్తే త్సుబురాయా రాజీయే మేలనిపిస్తుంది.

చదివేవాళ్ళు ఎవరైనా చేసి చూడవచ్చు. ఫోన్లో స్లో మోషన్ ఉంటుంది. సెకనుకు 120 బొమ్మలు తీసి 30 చొప్పున చూపిస్తే నాలుగు రెట్లు సాగుతుంది. నాలుగు వర్గం 16. అంటే పదహారో వంతు నమూనా కట్టాలి. సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు బంకమట్టితో గోరంత ఇటుకలు చేసి, ఆరబెట్టి, అడుగు ఎత్తు గోడ పేర్చి, సందుల్లో పొయ్యి బూడిద నింపాను. మా తమ్ముడు కర్రతో తోశాడు. మామూలుగా తీస్తే పిల్లల ఆట. స్లో మోషన్లో తీసింది మా నాన్నకు చూపిస్తే "ఎవరి గోడరా అది, వానకు నానిందా?" అన్నారు. తర్వాత ఉత్సాహం కొద్దీ అదే గోడ మీద చెంబుడు నీళ్ళు కుమ్మరించి తీశాం. ఒక్కో బొట్టు బత్తాయికాయంత!

అంతరిక్షంలో కథ నడిస్తే ఈ గొడవలేవీ లేవు. అక్కడ పడటం లేదు, ధూళి లేదు, నీరు లేదు. వర్గమూలంతో పనిలేదు. ‘స్టార్ ట్రెక్’ (1966–1969)లో ‘ఎంటర్‌ప్రైజ్’ నౌక కథలో 947 అడుగులు. మాట్ జెఫరీస్ గీసిన రూపానికి 1964లో చేసిన పెద్ద నమూనా 11 అడుగుల పైచిలుకు. సుమారు 84 రెట్ల తేడా. కర్ర, ప్లాస్టిక్, రేకు కలిపి 200 పౌన్ల దాకా బరువు. అంత బరువును ఎగరేసే బదులు దాన్ని కదలకుండా నిలబెట్టి, కెమెరానే పట్టాల మీద నడిపించారు. ‘స్పేస్ 1999’ (1975–1977)లో బ్రయాన్ జాన్సన్ ఇంకో పద్ధతి పట్టాడు: నల్లటి తెర ముందు నౌకను తీసి, అదే ఫిలింను వెనక్కి తిప్పి, మిగిలిన నలుపు మీద నక్షత్రాలనో, చంద్రుణ్ణో తీయడం. ఫిలింకు నలుపంటే ఇంకా ఏమీ రాయని కాగితమే కదా. ఈయన మెడింగ్స్ దగ్గర పని నేర్చినవాడే.

ఎంటర్‌ప్రైజ్ పెద్ద నమూనాను 1974లో వాషింగ్టన్ లోని స్మిత్సోనియన్ సంస్థకు ఇచ్చేశారు. అక్కడ కొన్నాళ్ళు మ్యూజియం అమ్మకాల దుకాణంలో కూడా ఉంది. తర్వాత బాగుచేసి, 2016లో విమానయాన చరిత్రలో మైలురాళ్ళను ఉంచే పెద్ద హాలులో పెట్టారు. నౌక ఫొటోల్లో ఎక్కువగా కుడివైపే కనిపిస్తుంది. కారణం ఏమిటంటే లోపలి దీపాలకు కరెంటు తీగలు ఎడమవైపు నుంచి వెళ్తాయి. కెమెరా ఎప్పుడూ చూడని ఆ వైపుకు కిటికీలు, గీతలు వెయ్యనేలేదు. బాగుచేసినవాళ్ళు కూడా ఆ వైపును అలాగే వదిలేశారు.