తాగిన మర్నాడు ఇంట్లో ఏమి చేయాలి? ఎప్పుడు ఆసుపత్రికి తేవాలి?

రాత్రి తాగి పడుకున్న మనిషి మర్నాడు తలనొప్పి, వికారం, దాహం, నీరసంతో లేస్తాడు. దీనినే హ్యాంగోవర్ అంటారు. ఒకరు మజ్జిగ ఇమ్మంటారు, ఒకరు చింతపండు పులుసు పట్టమంటారు, ఇంకొకరు నెత్తిన చన్నీళ్ళు పోయమంటారు. వీటిలో ఏది మేలో, ఏది ప్రమాదమో తెలుసుకుందాం.

ఎందుకు వస్తుంది?

మద్యం వలన మూత్రం ఎక్కువగా పోయి ఒంట్లో నీరు తగ్గుతుంది. కడుపులో మంట పుడుతుంది. నిద్ర సరిగా పట్టదు. మద్యాన్ని అరిగించే పని ముఖ్యంగా కాలేయానిదే. అది గంటకు సుమారు 7 నుండి 10 గ్రాముల ఆల్కహాలును మాత్రమే అరిగించగలదు. ఒక క్వార్టరు, అంటే 180 మి.లీ. బ్రాందీలో సుమారు 60 గ్రాములు ఉంటుంది. అది పోవడానికి 6 నుండి 9 గంటలు పడుతుంది. కాఫీ గాని, కషాయం గాని, స్నానం గాని ఈ పనిని తొందరపెట్టలేవు. ఇంటి వైద్యం బాధను తగ్గిస్తుంది గాని మత్తును దింపదు.

పూర్తి మెలకువగా ఉంటే ఇవి ఇవ్వండి

1. నీళ్ళు, కొబ్బరినీళ్ళు, ఉప్పు వేసిన పలుచని మజ్జిగ కొంచెం కొంచెంగా తాగించండి.
2. వాంతులైతే ఓ.ఆర్.ఎస్. ఇవ్వండి. అది లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో 6 టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు, చెంచా అంచుకు సమంగా కొలిచి కలపండి.
3. గంజి, ఇడ్లీ, అరటిపండు పెట్టండి. కారం, నూనె వస్తువులు వద్దు.
4. విశ్రాంతి ఇవ్వండి. ఆ పూట బండి నడపనివ్వకండి.

ఇవి చేయకండి

1. "కొంచెం వేస్తే దిగిపోతుంది" అని పొద్దున్నే మళ్ళీ తాగనివ్వకండి. బాధ వాయిదా పడుతుంది, అలవాటు ముదురుతుంది.
2. డాక్టరును అడగకుండా తలనొప్పి మాత్రలు ఇవ్వకండి. పారాసిటమాల్ తాగేవారి కాలేయాన్ని దెబ్బతీయవచ్చు. ఆస్పిరిన్, బ్రూఫెన్ వలన కడుపులో రక్తం కారవచ్చు.
3. స్పృహలేని మనిషి నోట్లో మజ్జిగ గాని, పులుసు గాని పోయకండి. వేలు పెట్టి కక్కించకండి. అది ఊపిరితిత్తులలోకి పోతే ప్రాణం పోతుంది.

ఇవి హ్యాంగోవర్ కాదు, వెంటనే తీసుకురండి

1. పిలిచినా, గిల్లినా లేవకపోవడం, శ్వాస నిమిషానికి 8 కంటే తగ్గడం, ఒళ్ళు చల్లబడడం. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108 కు ఫోను చేయండి. ఒంటరిగా వదలకండి.
2. రాత్రి పడి తలకు దెబ్బ తగిలి ఉండడం.
3. చూపు మసకబారడం, ఆయాసం, కడుపునొప్పి. కల్తీ సారాలో మిథనాల్ ఉంటే ఇవి చాలాసార్లు 12 నుండి 24 గంటల తరువాత కనబడతాయి. ఆలస్యమైతే కళ్ళు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. కలిసి తాగినవారందరినీ తీసుకురండి.
4. రక్తం వాంతి కావడం, నల్లని విరేచనం.
5. షుగరు మందులు వాడేవారికి చెమటలు, తికమక. రక్తంలో చక్కెర పడిపోయి ఉండవచ్చు. మెలకువగా ఉంటే పంచదార నీళ్ళు తాగించి తీసుకురండి.

వార్డులో ఉన్నవారి కుటుంబాలకు ముఖ్య గమనిక

రోజూ తాగే మనిషి కాలు విరిగో, జ్వరంతోనో ఇక్కడ చేరతాడు. తాగుడు ఆగిపోతుంది. 6 నుండి 24 గంటలలో చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. మొదటి రెండు రోజులలో మూర్ఛ రావచ్చు. రెండు నుండి నాలుగు రోజుల మధ్య లేనివి కనబడి, మంచం దిగి పరుగెత్తవచ్చు. ఇది గాలి సోకడం కాదు, పిచ్చి కాదు. మద్యం ఒక్కసారిగా ఆగినందువలన వచ్చే జబ్బు. ముందుగా తెలిస్తే మందులతో అదుపు చేయవచ్చు.

కనుక చేర్చేటప్పుడే ఎంత తాగుతారో, ఎన్నేళ్ళుగా తాగుతారో, చివరిసారి ఎప్పుడు తాగారో నర్సుకు చెప్పండి. పరువు పోతుందని దాచకండి. మేము అడిగేది తప్పు పట్టడానికి కాదు, సరైన చికిత్స చేయడానికి. జాలిపడి చాటుగా సీసా తెచ్చి ఇవ్వకండి. అలాగే రోజూ తాగేవారిని ఇంట్లో గదిలో పెట్టి మాన్పించకండి. డాక్టరు పర్యవేక్షణలోనే మాన్పించాలి.

ఇంట్లో తరచూ ఇలాంటి ఉదయాలు వస్తుంటే మజ్జిగతో సరిపెట్టుకోకండి. తాగుడు మాన్పించే చికిత్స ఉంది. 14446 కు ఉచితంగా ఫోను చేసి సలహా అడగవచ్చు, లేదా వార్డులో మమ్మల్ని అడగండి.