కేసు ముందు వచ్చేది మీ బల్ల మీదికే

కొడవలూరు లాంటి మండల స్టేషనులో కొత్తగా చేరిన ఎస్సైలకు, మహిళా కానిస్టేబుళ్లకు ఒక మాట. లైంగిక నేరాల కేసులు చూడటానికి నెల్లూరులో ప్రత్యేక అధికారులున్నారు, మనం కాగితం పంపితే చాలు అనుకోకండి. 2020 ఫిబ్రవరి 8న రాజమహేంద్రవరంలో మహిళలపై నేరాల కోసం తొలి దిశ పోలీసు స్టేషను తెరిచారు. ఆ తర్వాత మిగతా జిల్లాల్లోనూ వచ్చాయి. అయినా బాధితురాలు ముందు ఎక్కేది ఊరికి దగ్గరున్న మీ గడపే. తర్వాత ఎంత అనుభవజ్ఞుడు దర్యాప్తు చేసినా, మొదటి రోజు మీరు పోగొట్టిన సాక్ష్యాన్ని తిరిగి తేలేడు.

మా పరిధి కాదనకండి. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర యువతి కనిపించడం లేదని వెళ్లిన కుటుంబాన్ని ఒక స్టేషను నుంచి మరో స్టేషనుకు తిప్పారు. ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. నేరం అల్లూరులో జరిగినా, విడవలూరులో జరిగినా జీరో ఎఫ్ఐఆర్ కట్టి ఆ స్టేషనుకు పంపండి. అత్యాచార ఫిర్యాదు రాసుకోకపోతే బీఎన్ఎస్ 199వ సెక్షన్ కింద మీకే కనీసం 6 నెలల కఠిన జైలు.

ఒక్కరే వినండి. రైటరుకోసారి, ఎస్సైకోసారి, సీఐకోసారి చెప్పించకండి. ఫిర్యాదు మహిళా అధికారే రాసుకోవాలి. వాంగ్మూలం బాధితురాలి ఇంట్లోనో, ఆమె కోరిన చోటో తీసుకోవాలి. పిల్లలైతే యూనిఫాం వేసుకోకుండా వెళ్లండి. పోక్సో చట్టం చెప్పేదీ అదే. “ఏం జరిగిందమ్మా?” అని అడిగి ఆగండి. “ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?” అనకుండా “ముందుగా ఎవరికి చెప్పారు?” అని అడగండి. ఆలస్యానికి కారణం తెలుస్తుంది, ఒక సాక్షీ దొరుకుతారు. ఆమె మాటల్లోనే రాయండి. స్టేషను భాషలోకి మారిస్తే రేపు కోర్టులో “ఈ మాట నేననలేదు” అనాల్సి వస్తుంది.

గడియారం చూడండి. సమాచారం అందిన 24 గంటల్లో, ఆమె సమ్మతితో, వైద్యపరీక్షకు పంపాలి. వీలైతే అప్పటిదాకా స్నానం చేయవద్దని, బట్టలు ఉతకవద్దని మెల్లగా చెప్పండి. తడి బట్టలను నీడలో ఆరబెట్టి, ఒక్కోదాన్ని విడిగా కాగితం కవర్లో పెట్టండి. ప్లాస్టిక్‌లో చెమ్మకు పాడవుతాయి. సీలు ఎవరు వేశారో, ఎవరికి ఏ వేళకు అందిందో రాయండి. రెండు వేళ్ల పరీక్ష చేయకూడదని 2022లో సుప్రీంకోర్టు మరోసారి గట్టిగా చెప్పింది. దర్యాప్తు 2 నెలల్లో ముగియాలి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తించే కేసైతే డీఎస్పీకి వెంటనే చెప్పండి.

రాజీకి స్టేషనులో చోటివ్వకండి. పెద్దమనుషులు వస్తారు, పరువంటారు, పెళ్లంటారు. ఇది రాజీకి వీల్లేని నేరమని చెప్పి పంపండి. బెదిరిస్తే అదీ డైరీలో రాయండి. ఆమె ఇంటికి వెళ్లేలోగా ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వండి. 181 మహిళా హెల్ప్‌లైన్ నంబరు, జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా పరిహారం అడిగే దారి చెప్పండి. తర్వాత ఏం జరుగుతుందో తెలిసిన మనిషిని రాజీకి లొంగదీయడం అంత తేలిక కాదు.