ఆట ఆపవలసిన క్షణము

మనుస్మృతి ఏడవ అధ్యాయమున రాజు విడువవలసిన వ్యసనములు 18 చెప్పబడినవి. అందు 10 కామము వలన పుట్టునవి, 8 క్రోధము వలన పుట్టునవి. వేట, జూదము, పగటినిద్ర, మద్యపానము, పనిలేని తిరుగుడు మొదలగునవి మొదటి తెగకు చెందినవి. చాడీలు, ద్రోహము, ఈర్ష్య, పరుషముగా మాటలాడుట, చేయిచేసికొనుట మొదలగునవి రెండవ తెగలోనివి. ఈ విభజనను చదువునపుడు ఒక సందేహము కలుగును. జూదము మొదటి తెగలో నుండుట సరియే. కాని జూదమాడు ఇంటిలో వినబడు కేకలు రెండవ తెగకు చెందినవి కావా? శాస్త్రకారుడు బోధకై తెగలను వేరుచేసెను గాని మనుష్యుని మనస్సులో ఆ రెంటి నడుమ గోడ లేదు. ఒక దానినుండి మరియొక దానికి దాటుట రెప్పపాటులో జరుగును. ఆ దాటు క్షణమునే, నేటి పిల్లలాడు వీడియో గేముల విషయమున, ఇచ్చట పరిశీలింపదలచితిమి.

ఢిల్లీ మహానగరమునకు నైరుతి దిక్కున ద్వారక యను ఉపనగరమున్నది. పూర్వము పప్పన్‌కలాన్ అని పిలువబడిన ఈ ప్రాంతమును ఢిల్లీ అభివృద్ధి సంస్థ సెక్టార్లుగా విభజించి నిర్మించినది. 2005 డిసెంబరు 31వ తేదీన మెట్రో రైలు అచ్చటికి చేరినది. ఉద్యోగార్థమై వచ్చిన తెలుగు కుటుంబములును అచ్చటి అంతస్తుల ఇండ్లలో నివసించుచున్నవి. అనేక గృహములలో తల్లిదండ్రు లిరువురును ఉద్యోగస్థులే. తాతయు అమ్మమ్మయు ఊరిలో నుందురు. బడినుండి వచ్చిన పిల్లవానికి ఇంట తోడుగా నున్నది ఫోను. మే నెలలో ఎండకు మైదానము ఖాళీ. నవంబరులో గాలి విషతుల్యమై, బడులు మూసివేయుటయు, పాఠములు ఇంటినుండియే జరుపుటయు 2023లోను 2024లోను చూచితిమి. బయటి ఆటలకు దారి లేకుండ చేసి, పిల్లవాడు తెరను విడుచుట లేదని కోపించుటలో న్యాయము కొంచెము తక్కువ.

సాయంకాలము ఇట్టి ఇంట జరుగునది అందరును ఎరిగినదే. తల్లి భోజనమునకు పిలుచును. "ఒక్క నిమిషం అమ్మా" అని పిల్లవాడనును. రెండవసారి పిలిచినను అదే మాట. మూడవసారి తండ్రి లేచి ఫోనును లాగికొనును. అంతవరకు సౌమ్యుడైన పిల్లవాడు ఎన్నడును అనని మాట అనును. తలుపును ధడాలున మూయును. తల్లిదండ్రులు నిర్ఘాంతపోయి, తెరపై నిరంతరము తుపాకులు కాల్చుటచేతనే వీని కిట్టి బుద్ధి పుట్టినదని నిశ్చయింతురు.

ఆ నిశ్చయము పూర్తిగా సరియైనది కాదు. 2019లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునకు చెందిన ఆండ్రూ ప్రిజిబిల్స్కీయు, ఆయన సహపరిశోధకురాలును సుమారు 1000 మంది బ్రిటిషు బాలబాలికలను, 14, 15 సంవత్సరముల వయస్సు వారిని, పరిశీలించిరి. హింసతో కూడిన ఆటలాడుటకును వారి దురుసుతనమునకును సంబంధము కనబడలేదు. అమెరికా మనస్తత్త్వశాస్త్రజ్ఞుల సంఘము 2020లో తన తీర్మానమును సవరించి, అట్టి ఆటలే హింసాత్మక నేరములకు కారణమనుటకు చాలినంత ఆధారము లేదని చెప్పినది. అయితే కేకలు వేయుట, నెట్టుట వంటి చిన్న దురుసు పనులతో స్వల్పమైన సంబంధ మున్నదనియు ఆ తీర్మానముననే యున్నది. మనువు చెప్పిన క్రోధజనిత వ్యసనములలో కఠినమైన మాటయు, చేయిచేసికొనుటయు ఉన్న సంగతి పాఠకులు ఇచ్చట జ్ఞప్తికి తెచ్చుకొందురు గాక.

ఆటలవలన మేలే లేదనుటయు పొరపాటే. వేగముగ సాగు ఆటలాడువారికి కంటి ఎదుట నున్న అనేక వస్తువులను ఒక్కసారి గుర్తించు శక్తి పెరుగునని గ్రీన్, బావెలియర్ అను శాస్త్రజ్ఞులు 2003లోనే చూపిరి.

మరి ఆ క్రోధము ఎచ్చటినుండి వచ్చినది? ఆటలోని తుపాకినుండి కాదు, ఆట నిర్మాణమునుండి. ఉదాహరణకు పబ్‌జీ అను ఆటను చూతము. 100 మంది ఒక ద్వీపమున దిగుదురు. ఆడుచోటు క్రమక్రమముగా కుంచించుకొనిపోవును. చివరకు మిగిలినవారే విజేతలు. ఒక్కొక్క ఆట అరగంటవరకు సాగవచ్చును. దీనిని నడుమ నిలిపియుంచు ఉపాయము లేదు. జట్టులోని మిత్రులు ఇతర గృహములలో కూర్చుండి ఇతనిపై ఆధారపడియున్నారు. తల్లి పిలుపు తరచుగా ఆట రక్తికట్టినప్పుడే వచ్చును. ఆమెకు అది 8 గంటల వేళ. వానికి అది చివరి వలయము. ఇరువురును చూచుచున్నది ఒక గడియారమును కాదు.

దీనికి తోడు బహుమానముల ఏర్పాటొకటి యున్నది. అమెరికా శాస్త్రజ్ఞుడు స్కిన్నర్ పావురములతో ప్రయోగములు చేసి, గింజ ఎప్పుడు పడునో తెలియనప్పుడు పక్షి మీటను విడువక పొడుచుచునే యుండునని కనుగొనెను. నేటి ఆటలలో పెట్టె తెరచిన ఏమి వచ్చునో తెలియదు. దినదినము వచ్చువారికి దినదినము కానుక. ఒక దినము రాకున్న వరుస తెగును. 1998లో లండను నగరమున 8 మంది పురుషులచే ట్యాంకు నడుపు ఆట ఆడించి వారి మెదడును చిత్రించినపుడు, ఆసక్తిని ప్రేరేపించు డోపమైన్ అను ద్రవ్యము ఆటవేళ అధికముగా విడుదలయగుచున్నదని తేలినది. గచ్చకాయలాట చేతులు నొచ్చిన ముగియును. కబడ్డీ చీకటిపడిన ముగియును. ఈ క్రొత్త ఆటలకు చీకటియు లేదు, అలసటయు లేదు. ముగింపు ఆడువాని చేతిలో లేకుండ పోవుటయే వీనిలోని విశేషము.

గీత రెండవ అధ్యాయమున విషయచింతనము సంగముగను, సంగము కామముగను, కామము క్రోధముగను మారు క్రమము చెప్పబడినది. కామము క్రోధముగా ఎట్లు మారును? అడ్డుపడినప్పుడు మారునని శంకర భగవత్పాదుల భాష్యము. అంతటితో ఆగక, క్రోధావిష్టుడై మోహము చెందినవాడు గురువును సైతము దూషించునని వారు చెప్పిరి. తలుపు మూసిన పిల్లవాడు తల్లిని ద్వేషించుట లేదు. ఆ క్షణమున వాని ఎదుట నున్నది తల్లి కాదు, అడ్డు. అరగంట గడచిన పిదప వాడే వచ్చి ఆమె ప్రక్క కూర్చుండును.

ఈ సందర్భమున భారతకథలోని ద్వారక స్మరింపదగినది. కురుసభలో జూదము జరుగునపుడు శ్రీకృష్ణుడు సాళ్వునితో యుద్ధములో నుండెను. వనమున పాండవులను కలిసికొన్నపుడు, తాను ద్వారకలో నున్నచో పిలువకున్నను వచ్చి, జూదమువలని దోషములను ముందుగా బోధించి, వినకున్నచో బలముచేత ఆపియుందునని చెప్పెను. ఈ వరుస గమనింపదగినది. మాట మొదట, బలము చివర. ఇక సభలో విదురుడు చెప్పిన హితమో? అది ఆట నడుమ చెప్పిన హితము. దానికి ప్రతిఫలముగా దుర్యోధనుని తిట్లు లభించినవి. ధర్మరాజు సంగతి ఇంకను ఆశ్చర్యకరము. పాచికలు శకుని కోరినట్లే పడుచుండుట చూచినపుడు తన మనస్సును నిగ్రహించుకొనుట సాధ్యమే యనియు, కాని క్రోధము పురుషుని ధైర్యమును హరించుననియు ఆయన భీమునితో పలికెను. ఆపవలసిన క్షణము ఆయనకు కనబడినది. ఆపనీయనిది లోభము మాత్రమే కాదు, కోపము. ఓడుచున్న ఆటను విడువలేని వారందరికిని ఇది అనుభవమే.

ఆడువారిలో అత్యధికులకు ఇది వ్యాధి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చిన వ్యాధుల పట్టికలో ఆటల వ్యసనము చేరినది. ఆటపై అదుపు తప్పుట, ఇతర కార్యము లన్నిటికంటె ఆటయే ముఖ్యమగుట, కీడు కలుగుచున్నను మానలేకుండుట, సాధారణముగా ఈ స్థితి 12 నెలలు సాగుట దాని లక్షణములు. ఒక సాయంకాలపు కోపము దానిక్రిందకు రాదు. లక్షణములు నిజముగా కనబడినచో ద్వారకవారు దూరము పోనక్కరలేదు. ఢిల్లీలోని ఎయిమ్స్‌లో 2016లో ఇట్టి వ్యసనములకై ప్రత్యేక చికిత్సాశాల ఆరంభమైనది. బెంగుళూరు నిమ్హాన్స్‌లో 2014లోనే అట్టిది వెలసినది.

ప్రభుత్వములును ప్రయత్నించినవి. 2020 సెప్టెంబరు 2న మన దేశమున పబ్‌జీ నిషేధింపబడినది. 2021లో అట్టి ఆటయే పేరు మార్చుకొని తిరిగివచ్చినది. చైనా దేశము 2021లో బాలురకు వారమునకు సుమారు 3 గంటలని నియమించినది. ధనము పణముగా పెట్టు ఆటల సంగతి వేరు. వానిని తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశము 2020లోను నిషేధింపగా, పార్లమెంటు 2025 ఆగస్టులో దేశమంతటికిని చట్టము చేసినది. ధనము చేరిన ఆటను నిషేధించుటే మేలని మా అభిప్రాయము. మిగిలినవానికి చట్టము గంటలను నిర్ణయింపగలదు గాని, భోజనపు పిలుపు వచ్చిన క్షణమున ఇంటిలోనికి రాజాలదు.

ఇంటివారు చేయదగిన దేమనగా, మాటను ఆటకు పూర్వమే జరుపవలెను. ఎన్ని గంటలని కాక, ఎన్ని ఆటలని ఒడంబడుట మంచిది. ఏలయన ఆటకు ముగింపు ఆట చివరనే యున్నది. రెండు ఆటలని పిల్లవాడే చెప్పినచో, రెండవది ముగియువరకు అన్నము కొంచెము చల్లారినను చల్లారనిండు. అప్పుడప్పుడు తండ్రి ప్రక్కన కూర్చుండి ఆ చివరి వలయ మెట్టిదో చూడవలెను. ఫోనును లాగికొనక, వాడే తెచ్చి బల్లపై పెట్టునట్లు చేయవలెను. ఆ బల్లపైననే తల్లిదండ్రుల ఫోనులును ఉండవలెను. మొదటి వారమున మాట తప్పవచ్చును. అప్పుడు మరునాటి ఆటలలో ఒకటి తగ్గును, అంతియే. ఆట విడిచిన పిమ్మట పది నిమిషములు వానిని ఏమియు అడుగకుండుట మేలు. గుండె వేగము తగ్గవలెను గదా. ఇంటిపని సంగతి భోజనానంతరము అడుగవచ్చును.