పదహారవ ఛానల్: విహార నౌకలు, రేడియో రద్దీ

1912 ఏప్రిల్ 14వ తేదీ రాత్రి ఉత్తర అట్లాంటిక్ మహాసముద్రంలో కాలిఫోర్నియన్ అనే నౌక మంచుగడ్డల నడుమ ఆగిపోయింది. ఆ సంగతిని దాని వైర్‌లెస్ ఉద్యోగి సమీపంలోని టైటానిక్ నౌకకు తెలియజేయబోయాడు. ప్రయాణికుల సొంత వార్తలను కేప్ రేస్ కేంద్రానికి పంపడంలో తలమునకలై ఉన్న టైటానిక్ ఉద్యోగి అతనిని నోరుమూసుకొమ్మని కసిరాడు. కాలిఫోర్నియన్ ఉద్యోగి కొంతసేపటికి యంత్రాన్ని కట్టివేసి నిద్రకు ఉపక్రమించాడు. కొద్ది నిమిషాలలోనే టైటానిక్ మంచుకొండను ఢీకొన్నది. సుమారు 1,500 మందిని బలిగొన్న ఆ దుర్ఘటనకు కారణాలు అనేకం. ఐతే ఉమ్మడి మార్గాన్ని స్వంత వార్తలు ఆక్రమించడం వాటిలో ఒకటి. అదే సంవత్సరం ఆగస్టులో అమెరికా రేడియో చట్టం చేసింది.

ఆ సమస్య రూపం మార్చుకొని నేటికీ ఉన్నది. ఇప్పుడు ఉమ్మడి మార్గాన్ని ఆక్రమించేవి మహానౌకలు కావు, సెలవు దినాలలో సరదాకై నీటిపైకి వచ్చే చిన్న విహార నౌకలు. మన విద్యార్థులలో సముద్రయానం చేసినవారు అరుదే. ఐనను ఈ విషయంలో భౌతికశాస్త్ర విద్యార్థికి ఒక పాఠం, పౌరశాస్త్ర విద్యార్థికి ఇంకొక పాఠం ఉన్నందున ఇక్కడ వివరించదలచాను.

నౌకల వి.హెచ్.ఎఫ్. రేడియోలో అనేక ఛానళ్ళు ఉంటాయి. వాటిలో పదహారవది, అనగా 156.8 మెగాహెర్ట్‌జ్ పౌనఃపున్యం గలది, ప్రపంచమంతటా ఆపద పిలుపులకు, తొలి పలకరింపుకు కేటాయించబడినది. విశాఖపట్నం రేవుకు వచ్చే ఓడకైనా, అమెరికాలోని చెసపీక్ అఖాతంలో తిరిగే తెరచాప పడవకైనా ఇదే ఛానల్. ఒకరినొకరు ఇక్కడ పిలుచుకొని, వెంటనే 68, 72 వంటి మరొక ఛానల్‌కు తరలిపోయి మాట్లాడుకోవలెనన్నది నియమం. చేపలు పడుతున్నాయా, భోజనం ఎక్కడ అన్న ముచ్చట్లను పదహారులోనే సాగించేవారివల్లనే చిక్కు.

టెలిఫోనులో ఇద్దరూ ఒకేసారి మాట్లాడవచ్చు. ఇక్కడ అట్లు కాదు. ఒకరు మీట నొక్కి మాట్లాడుతున్నంతసేపు తక్కినవారు వినవలసిందే. ఇద్దరు ఒకేసారి మీట నొక్కితే, ఎఫ్.ఎం. పద్ధతి స్వభావం వలన బలమైన తరంగం గ్రాహకాన్ని వశపరచుకొంటుంది, బలహీనమైనది దాదాపు మాయమౌతుంది. దూరాన మునిగిపోతున్నవాని కేకను దగ్గరివాని కబుర్లు ఈ విధంగా తుడిచివేయగలవు. విన్నవారికి ఒక కేక తుడిచిపెట్టుకుపోయిందన్న అనుమానం సైతం కలుగకపోవచ్చు.

మాట్లాడేముందు ఛానల్ ఖాళీగా ఉన్నదో లేదో వినవలెనన్న సూత్రం మంచిదే గాని, చాలదు. వి.హెచ్.ఎఫ్. తరంగాలు దాదాపు చూపు మేరకే ప్రయాణిస్తాయి. ఆంటెనా ఎత్తు మీటర్లలో ఎంతో దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే అది అందుకొనే దూరం కిలోమీటర్లలో వస్తుంది. పడవ ఆంటెనా 4 మీటర్ల ఎత్తున ఉంటే సుమారు 8 కిలోమీటర్లు. తీరంలోని కోస్ట్ గార్డ్ స్తంభం 100 మీటర్లుంటే 41 కిలోమీటర్లు. రెండూ కలిపితే స్తంభం ఆ పడవను 49 కిలోమీటర్ల వరకు వినగలదు. రెండు పడవలు మాత్రం ఒకదానినొకటి 16 కిలోమీటర్ల వరకే వినగలవు. కావున స్తంభానికి ఉత్తరాన 30 కిలోమీటర్ల దూరంలో ఒకటి, దక్షిణాన అంతే దూరంలో ఒకటి ఉన్నవనుకొందాం. రెండూ నియమం ప్రకారం విని, నిశ్శబ్దమే అనుకొని, ఒకేసారి మాట్లాడతాయి. తీరంలో వినబడేది గందరగోళం! మర్యాదస్థులైనా ఒకరి దారికొకరు అడ్డుపడే ఈ స్థితిని విద్యార్థులు కాగితంపై గీసి చూచుకోవలెను.

అందుకే దగ్గరి సంభాషణకు 25 వాట్లను విడిచి 1 వాటు వాడమంటారు. అప్పుడు అంతే దూరం నుండి 25 వాట్లతో వచ్చే ఆపద పిలుపు దానిని అణచి వినబడుతుంది. చిన్న లెక్క చూడండి. ఒక అఖాతంలో 200 పడవలు గంటకొకసారి 15 సెకన్లపాటు పలకరించుకొంటే 3,000 సెకన్లు. గంటకు ఉన్నవి 3,600! పిలుపును 5 సెకన్లకు కుదిస్తే 1,000 సెకన్లతో సరిపోతుంది. అమెరికా నిబంధనల ప్రకారం ఒక పిలుపు 30 సెకన్లు మించరాదు. బదులు రాకపోతే రెండు నిమిషాలు ఆగవలెను. మూడుసార్లకూ బదులు లేకపోతే 15 నిమిషాలు ఊరకుండవలెను. రేడియో పనిచేస్తున్నదా అని పదహారులో అందరినీ అడగడం కూడా అక్కడ నిషిద్ధమే.

రద్దీ తగ్గించడానికి 1992లో అమెరికా అధికారులు విహార నౌకల పలకరింపులకు తొమ్మిదవ ఛానల్‌ను కూడా అనుమతించారు. ఇది నాకు సగం మందుగానే తోస్తుంది. తొమ్మిదిని వింటున్నవారికి పదహారులోని కేక వినబడదు. కోస్ట్ గార్డ్ కాపలా ప్రధానంగా పదహారుమీదనే. 1996లో దేశీయ విహార నౌకలకు లైసెన్సు అవసరం లేకుండా చేశారు. బ్రిటన్‌లో మాత్రం రేడియో వాడేవారు పరీక్షలో ఉత్తీర్ణులై ధ్రువపత్రం పొందవలెను. ఆ పద్ధతే మేలని నా అభిప్రాయం.

పూర్వం 2182 కిలోహెర్ట్‌జ్ ఆపద పౌనఃపున్యంపై ప్రతి గంట, అరగంట మొదలు మూడు నిమిషాలపాటు అందరూ మౌనం పాటించేవారు. నౌకలోని రేడియో గది గడియారంపై ఆ నిమిషాలకు రంగు పూసి ఉండేది. బలహీనమైన కేక వినబడడానికే ఆ ఏర్పాటు. నేడు ఆపద సమయంలో 'సీలాన్స్ మేడే' అని ప్రకటిస్తే తక్కినవారంతా మౌనం వహించవలెను. ఈ రెండు మాటలూ ఫ్రెంచి భాషకు ఇంగ్లీషు ఉచ్చారణ తొడిగినవే. మొదటిది నిశ్శబ్దం, రెండవది నాకు సాయపడండి అని.

పిలుపు ఎంత క్షణికమో 1997 డిసెంబరు 29 తెల్లవారుజామున చార్లెస్టన్ రేవు ముఖద్వారం వద్ద తెలిసింది. మార్నింగ్ డ్యూ అనే తెరచాప పడవ అక్కడి రాతిగట్టును ఢీకొన్నది. కోస్ట్ గార్డ్ కేంద్రానికి రెండుగంటల పదిహేడు నిమిషాలకు కొన్ని అస్పష్టమైన మాటలు చేరాయి. కాపలా ఉద్యోగి తిరిగి పిలిచినా బదులు రాలేదు. ధ్వనిముద్రణను మళ్ళీ వినలేదు. పడవలోని నలుగురూ, ఒక తండ్రి, ఇద్దరు కుమారులు, ఒక మేనల్లుడు, మరణించారు. అప్పుడు ఛానల్‌లో రద్దీ లేదు. రద్దీ ఉన్న మధ్యాహ్నం అట్టి పిలుపు గతి ఊహించుకోవచ్చు.

ఆ తరువాత పిలుపు వచ్చిన దిక్కును పసిగట్టే స్తంభాలను అమెరికా తీరమంతటా నెలకొల్పారు. డెబ్బయ్యవ ఛానల్‌లో మాటలకు తావు లేదు. అందులో కేవలం సంఖ్యా సంకేతాలు క్షణంలో సాగిపోతాయి. ప్రతి నౌకకు తొమ్మిది అంకెల సంఖ్య ఉంటుంది. మిత్రుని సంఖ్య నొక్కితే అతని రేడియో మాత్రమే మోగుతుంది, కాబట్టి పదహారులో కేకలు వేయనక్కరలేదు. ఆపదలో ఎర్రబొత్తం నొక్కితే నౌక సంఖ్య, స్థానం వాటంతటవే పోతాయి. ఐతే యజమాని ఆ సంఖ్యను నమోదు చేయించి యంత్రంలో ఎక్కించనిదే బొత్తం పనిచేయదు. స్థాననిర్ణయ యంత్రాన్ని జతపరచనిదే పడవ ఎక్కడున్నదో అది తనంతట చెప్పలేదు.