పాత జ్ఞాపకాల అడ్డు

మరపుకు కాలమే కారణమని సాధారణంగా భావిస్తాం. కాని జ్ఞాపకాలు కాలం గడవడం వల్లనే కాక, ఒకదాని వల్ల మరొకటి కూడా మరుగున పడుతుంటాయి. ముందు నేర్చిన విషయం తరువాత నేర్చినదానిని గుర్తుకు రానీయకపోతే, దానిని మనోవిజ్ఞానశాస్త్రంలో 'పురోగమన అవరోధం' అంటారు. కొత్తది పాతదానికి అడ్డువస్తే అది 'తిరోగమన అవరోధం'.

సిద్దిపేట పట్టణం 2016 అక్టోబరు వరకు మెదక్ జిల్లాలో ఉండేది. తరువాత తానే జిల్లా కేంద్రమయింది. అక్కడి పెద్దలెవరైనా దరఖాస్తు నింపేటప్పుడు చేయి 'మెదక్' వైపే పోవడం సహజం. కొత్త పేరు తెలియక కాదు. 'జిల్లా' అనే ఒక్క మాటకు రెండు జవాబులు పోటీపడగా, ఏళ్ల తరబడి రాసిన పేరే ముందుకు వస్తుంది. ఆ తరువాత బడిలో చేరిన పిల్లలకు ఈ చిక్కు లేదు.

జర్మనీ దేశస్థుడైన హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అర్థరహిత పదాంశాల పట్టికలను తానే కంఠస్థం చేసి, తన మరపును తానే కొలుచుకొని, 1885లో ఫలితాలు ప్రకటించాడు. నేర్చినదానిలో దాదాపు మూడింట రెండు వంతులు ఒక్క రోజులోనే పోతుందని ఆయన లెక్క తేల్చింది. ఇంత వేగంగా మరచిపోవడం మానవ సహజమేనా? 1957లో అమెరికా శాస్త్రవేత్త బెంటన్ అండర్‌వుడ్ అనేక ప్రయోగాలను పోల్చి చూశాడు. ఒకే పట్టిక నేర్చినవారు మరునాడు సుమారు నాలుగింట మూడు వంతులు చెప్పగలిగారు. అంతకు ముందే ఎన్నో పట్టికలు నేర్చినవారు నాలుగో వంతుకు మించి చెప్పలేకపోయారు. ఎబ్బింగ్‌హాస్ నేర్చిన పట్టికలు వందల్లో ఉన్నాయి! పరిశోధకుని దీక్షే ఆయన మరపును పెంచిందనడం విచిత్రమే గాని, నిజం.

ఇది మెదడు అలసట కాదా అన్న సందేహం కలగవచ్చు. 1963లో డెలోస్ వికెన్స్, ఆయన సహచరులు మూడేసి అక్షరాల సముదాయాలను వరుసగా ఇచ్చి పరీక్షించారు. ప్రతిసారీ జ్ఞప్తి తగ్గుతూ వచ్చింది. అక్షరాలకు బదులు అంకెలు ఇవ్వగానే అది మళ్లీ పుంజుకొంది. అలసటే కారణమైతే అలా జరగదు. ఒకే పోలిక గల విషయాలే ఒకదానినొకటి అడ్డగిస్తాయి.

పానిపట్టు యుద్ధాలనే తీసుకోండి: 1526, 1556, 1761. మూడవ సంవత్సరం అంతగా తికమక పెట్టదు. రెండవది రాయబోతే మొదటిది కలం మొనకు వస్తుంది. 1556ను అక్బరు సింహాసనమెక్కిన ఏడుగా, హేమూ ఓడిన ఏడుగా ముడివేసి చదివిన విద్యార్థికి ఆ రెండు అంకెలు వేర్వేరు దారుల్లో గుర్తుకు వస్తాయి.